కోసిన పువ్వు ఎవరిది? పూల రైతుల ప్రశ్నలు, జవాబులు

జెర్బెరా, గులాబీ, నేలసంపెంగ వంటి పూల సాగు ఖర్చుల గురించి కిందటి సంచికలో రాసిన తరువాత చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో తెగుళ్ళ గురించి, ఎరువుల గురించి అడిగినవారు తక్కువ. పూలు కొనేవారితో ఎదురయ్యే చిక్కుల గురించి రాసినవారే ఎక్కువ. ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. వ్యాపార సంబంధాలు చెడకూడదు కనుక రాసినవారి పేర్లు వేయడం లేదు. జవాబులు రాస్తున్న నేను పద్దెనిమిదేళ్ళపాటు అనంతపురంలో పెళ్ళి మండపాల అలంకరణకు పూలు కొని సరఫరా చేసినవాణ్ణి. కొనేవాడి చూపు అక్కడక్కడ తొంగిచూస్తే రైతులు మన్నించాలి.

ప్రశ్న: హిందూపురం దగ్గర అర ఎకరం పాలీహౌస్‌లో జెర్బెరా వేశాను. రోజు విడిచి రోజు సాయంత్రం కోసి, పది పూల చొప్పున కట్టలు కట్టి, తెల్లవారుజామున బస్సులో అనంతపురంలోని ఒక పూలంగడికి పంపుతాను. పూలు అందాయని ఆ రోజే ఫోన్ చేస్తారు, బాగున్నాయనే అంటారు. మూడు రోజుల తరువాత లెక్క అడిగితే మెడలు వాలిపోయాయని చెప్పి 80 కట్టల్లో 20 కట్టలకో 25 కట్టలకో డబ్బు తగ్గిస్తున్నారు. ఇప్పటికి మూడుసార్లు ఇలా జరిగింది. పైగా కోత అయిపోయాక రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో ఫోన్ చేసి, రేపటికి 30 కట్టలు చాలంటారు. మిగిలిన 50 కట్టలు నేనేం చేసుకోవాలి? గట్టిగా అడిగితే వద్దంటారేమోనని భయం.

జవాబు: మీ ఉత్తరంలో రెండు తగాదాలు ఉన్నాయి, రెండింటికీ మూలం ఒకటే. కోసిన పువ్వు ఏ గడియ వరకు మీది, ఏ గడియ నుంచి ఆయనది అన్న సంగతి మీరిద్దరూ ఒక్కనాడూ కూర్చుని మాట్లాడుకోలేదు. వేరుశనగ అయితే ఈ సంగతి తేలేదాకా గోదాములో పడి ఉంటుంది, పువ్వు అలా ఉండదు.

చట్టం ఏమంటుందో ముందు చెబుతాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 26వ సెక్షన్ ప్రకారం, వేరే విధంగా అనుకోకపోతే సరుకు ఎవరి సొత్తు అయితే నష్టం కూడా వారిదే. కొనేవారు ఒప్పుకున్న బస్సుకో లారీకో సరుకు అప్పగిస్తే, పైకి చూడటానికి అది కొనేవారికి అప్పగించినట్టేనని 39వ సెక్షన్ చెబుతుంది. సరుకును పరీక్షించి చూసుకునే హక్కును 41వ సెక్షన్ కొనేవారికి ఇచ్చింది, అయితే వద్దని చెప్పకుండా సమంజసమైన గడువు దాటేదాకా తన దగ్గరే ఉంచుకుంటే దానిని అంగీకరించినట్టేనని 42వ సెక్షన్ అంటుంది. ఆ సమంజసమైన గడువు సిమెంటు బస్తాకు వేరు, జెర్బెరాకు వేరు. బాగున్నాయని పొద్దున చెప్పి, అమ్మకం సాగించి, మూడో రోజున లెక్క దగ్గర తగ్గించడం నా ఉద్దేశంలో నిలిచే వాదన కాదు. కానీ పాతిక కట్టల డబ్బు కోసం చట్టం పుస్తకం చంకన పెట్టుకుని అంగడి మెట్లెక్కమని నేను చెప్పను. చట్టం మీ వైపు ఉందన్న ధైర్యంతో నెమ్మదిగా మాట్లాడండి, అది చాలు.

ఇక మెడ వాలడం గురించి. ఇందులో తప్పు మీదీ కావచ్చు, ఆయనదీ కావచ్చు, దానిని కనిపెట్టే దారి ఉంది. జెర్బెరా పువ్వు నడుమన ఉన్న చక్రంలో బయటి రెండు మూడు వరుసల చిన్నపూలు విచ్చుకున్నాకే కోతకు వచ్చినట్టు లెక్క. రంగు వచ్చింది కదా అని అంతకు ముందే తీస్తే కాడ పైభాగం లేతగా ఉండి, అంగడికి చేరిన రోజో మరునాడో మెడ వాలుతుంది. కాడను కత్తితో కోయకుండా పట్టుకుని మెలితిప్పి లాగాలి, తరువాత అడుగున గట్టిగా ఉండే మడమ భాగాన్ని కత్తిరించి నీళ్ళలో పెట్టాలి, ఎందుకంటే ఆ మడమ ఉన్నంతవరకు కాడ నీళ్ళు సరిగా పీల్చదు. ఈ రెండూ మీ పాలీహౌస్‌లో జరిగే తప్పులు. ఎండాకాలంలో బస్సు డిక్కీలో, ఇంజను వేడి తగిలే మూలన పెట్టెలు పెట్టించడం మూడోది. ఇక రెండు రోజులు నిటారుగా నిలబడి మూడోనాడు వాలాయంటే, కాడల అడుగున వేలితో తడిమి చూడమనండి. జిగురు తగిలితే తప్పు అంగడి బకెట్లది. ముందురోజు నీళ్ళలోనే కొత్త పూలు పెడితే సూక్ష్మజీవులు కాడ రంధ్రాలను పూడ్చేస్తాయి. జెర్బెరా కాడకు నూగు ఉంటుంది కనుక లోతు నీళ్ళలో ముంచినా కుళ్ళుతుంది, నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు చాలు.

ఈ తగాదా పెంచకుండా తేల్చే ఒక చిన్న పద్ధతిని మీకు చెబుతాను, దానికి నేను సాక్షికట్ట అని పేరు పెట్టుకున్నాను. పంపిన ప్రతి కోతలోంచి ఒక కట్టను మీ ఇంట్లోనే శుభ్రమైన నీళ్ళలో, నీడలో ఉంచండి. మూడో రోజున ఆయన ఫోన్ చేసినప్పుడు మీ సాక్షికట్ట ఫొటో తీసి పంపండి. అది కూడా వాలిపోయి ఉంటే మారుమాట లేకుండా డబ్బు తగ్గించుకోమనండి. అది నిలబడి ఉంటే ఆయనే బకెట్ కడుగుతారు.

పక్కవాడి బకెట్ గురించి ఇంత సులువుగా చెబుతున్నానంటే కారణం ఉంది. ఒక ఏడు వేసవిలో పెద్ద పెళ్ళికి బెంగళూరు వైపు రైతు దగ్గర కార్నేషన్లు కొన్నాను. వ్యాను సగం ఖాళీగా వస్తోంది కదా అని దారిలో మామిడిపండ్ల పెట్టెలు ఎక్కించాను. అనంతపురం చేరేసరికి పూలన్నీ రేకులు లోపలికి ముడుచుకుని నిద్రపోయినట్టు ఉన్నాయి. రైతు పాత సరుకు అంటగట్టాడని తిట్టి సగం డబ్బు ఎగ్గొట్టాను. పండే పండ్ల నుంచి ఎథిలీన్ అనే వాయువు వస్తుందని, కార్నేషన్‌కు అది విషంతో సమానమని రెండేళ్ళ తరువాత ఒక ఉద్యాన అధికారి చెబితే తెలిసింది. డబ్బు తీసుకువెళ్ళి ఇచ్చాను. ఆయన తీసుకున్నారు, కానీ ఆ తరువాత నాకు పూలు ఇవ్వలేదు. అందుకే మీ పెట్టెలు ఏ సరుకుతో కలిసి ప్రయాణిస్తున్నాయో ఒకసారి బస్టాండుకు వెళ్ళి చూడండి.

రాత్రి ఫోన్ల సంగతికి మందు సులభమే. మొక్క మీద ఉన్న జెర్బెరా ఇంకో రోజు ఆగుతుంది, కోసినది ఆగదు. కాబట్టి ఆర్డరు కోతకు ముందే రావాలి. మధ్యాహ్నం రెండింటికల్లా సంఖ్య చెప్పాలని, ఆ సంఖ్య ప్రకారమే కోస్తానని, రెండు దాటాక తగ్గిస్తే తగ్గించిన కట్టలకు సగం ధర ఇవ్వాలని అడగండి. సగం ధరకు ఆయన ఒప్పుకోకపోయినా మధ్యాహ్నం రెండింటి గడువుకు ఒప్పుకుంటారు, ఎందుకంటే అందులో ఆయనకు పోయేది లేదు. పూలు అందిన రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు చెప్పని లోపానికి తగ్గింపు ఉండదన్నది రెండో మాట. ఈ రెండూ ఫోన్‌లో సందేశంగా రాసి పంపి, సరేనని ఆయన చేత రాయించుకోండి.

భయం గురించి ఒక్క మాట. ఒక్క అంగడి మీదే ఆధారపడినంతకాలం మీ గొంతు పెగలదు. పెనుకొండ, ధర్మవరం, కదిరి పట్టణాల్లో మండపాలు అలంకరించేవారు ఉంటారు. మీ పూలలో అయిదో వంతు మరొకరికి అలవాటు చేయండి. వారికి వేయడం మొదలుపెట్టిన సంగతి మీ పాత అంగడి ఆయనకు మీరే చెప్పండి, వేరెవరో చెబితే ఆయనకు తెలియకూడదు.

ప్రశ్న: మడకశిర వైపు రైతును. నేలసంపెంగ, అంటే మా దగ్గర సుగంధరాజ అంటాము, బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌లో ఒక కమీషన్ మండీకి వేస్తున్నాను. దుంపలు నాటేటప్పుడు మండీ ఆయన వడ్డీ లేకుండా 50,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చారు. పంట ముగిశాక అసలు కట్టాలి. అడ్వాన్సు తీసుకోనివారి దగ్గర వందకు 8 రూపాయలు కమీషన్ పట్టుకుంటే మా దగ్గర 10 పట్టుకుంటున్నారు, మాకు మాత్రం నూరు కిలోలకు 5 కిలోలు తరుగు తీస్తున్నారు. వేరే మండీకి మారాలని ఉంది. తప్పా?

జవాబు: తప్పు కాదు, కానీ మారే పద్ధతిలో తప్పు జరగవచ్చు. ముందు లెక్క చూద్దాం. మీరు ఉత్తరం వెనుక రాసిన వివరాల ప్రకారం రోజుకు సగటున 40 కిలోలు, అయిదు నెలల్లో 100 కోతలు, సగటు ధర కిలో 50 రూపాయలు. మొత్తం 4,000 కిలోలు, 2,00,000 రూపాయలు. తరుగు కింద పోయింది 200 కిలోలు, అంటే 10,000 రూపాయలు. మిగిలిన 1,90,000 మీద అదనపు రెండు శాతం కమీషన్ 3,800. వెరసి 13,800 రూపాయలు. 50,000 రూపాయలకు అయిదు నెలల్లో ఇంత ఇచ్చారంటే నూటికి నెలకు అయిదున్నర రూపాయల వడ్డీ. మీ ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చే ఆసామిని మీరు జలగ అని తిట్టి ఉంటారు, నాకు తెలుసు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల రూపాయల లోపు పంట రుణాన్ని గడువులో తిరిగి కడితే వడ్డీ రాయితీ పోగా ఏడాదికి నాలుగు శాతమే పడుతుంది.

మండీ ఆయన పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. బ్యాంకు అయితే పాసుపుస్తకం, ఫొటోలు, మూడు సంతకాలు, పది తిరుగుళ్ళు. ఆయన ఒక్క ఫోన్‌కు సాయంత్రానికి డబ్బు వేస్తారు, మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే అర్ధరాత్రి కూడా వేస్తారు. ఆ సౌకర్యానికి వెల ఉంటుంది. ఉండటం అన్యాయం కాదు, ఆ వెల ఎంతో కనిపించకుండా తరుగులో దాచడమే అన్యాయం. చీనీ, అంటే బత్తాయి, రైతులు సూట్ అని పిలుచుకుంటూ ఏళ్ళ తరబడి ఏడుస్తున్నది కూడా ఈ తరుగు గురించే.

కాబట్టి ఆయనతో ఇలా మాట్లాడండి. అడ్వాన్సును అప్పుగా రాసుకుందాం, నెలకు రూపాయిన్నరో రెండు రూపాయలో వడ్డీ వేసుకోండి, తూకంలోను కమీషన్‌లోను మాత్రం అందరితో సమానంగా చూడండి అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే నికరంగా వచ్చే పూలు వారికి వడ్డీ కన్నా విలువైనవి. ఒప్పుకోకపోతే అసలు తీర్చి మారండి. తీర్చకుండా రాత్రికి రాత్రి పక్క మండీలో గంపలు దించకండి. ఆ మార్కెట్‌లో తెల్లవారేలోగా ఎవరి గంప ఎక్కడ దిగిందో అందరికీ తెలిసిపోతుంది, అప్పు ఎగవేసే రైతు అన్న పేరు మీకన్నా ముందుగా కొత్త మండీకి చేరుతుంది.

కమీషన్ మండీ మీ పూలు కొనేవాడు కాదు, మీ తరఫున అమ్మిపెట్టేవాడు అన్న సంగతి మరవవద్దు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఏజెంటు అడిగినప్పుడు యజమానికి లెక్క చూపించాలి, అది 213వ సెక్షన్. యజమానికి చెప్పకుండా ఆ సరుకును తానే కొనుక్కుంటే ఆ వ్యవహారాన్ని యజమాని తోసిపుచ్చగల సందర్భాలు 215లో ఉన్నాయి. ఇక్కడ యజమాని మీరు. ప్రతిరోజూ పట్టీ అడగండి. తూకం, ధర, కమీషన్, హమాలీ, తరుగు వేరువేరుగా రాసిన పట్టీ ఇవ్వని మండీ వడ్డీ లేకుండా లక్ష రూపాయలు ఇస్తానన్నా వద్దనండి.

ప్రశ్న: నేను రైతును కాను, కర్నూలులో పూలంగడి నడుపుతున్నాను. ఇద్దరు రైతులతో గులాబీ, జెర్బెరాలకు ఏడాది పొడవునా ఒకే ధర మాట్లాడుకున్నాను. పెళ్ళిళ్ళ ముహూర్తాలు వచ్చేసరికి, ఫిబ్రవరి 14కు ముందు, ఇద్దరూ పూలు రాలేదని అబద్ధం చెప్పి హైదరాబాదు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుతున్నారు. మాట మీద నిలబడని రైతులతో ఎలా వేగేది? మీరెప్పుడూ రైతు పక్షమే రాస్తారు, ఇది కూడా వేయండి.

జవాబు: వేశాము. మీ కోపం న్యాయమైనదే, నేనూ ఆ బాధ పడ్డవాణ్ణే. ముహూర్తం నాటి ఉదయం పూలు రాకపోతే పెళ్ళివారి ముందు తలదించుకోవలసింది మనమే, రైతు కాదు. అయినా మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి. కిందటి ఆషాఢంలో వారి దగ్గర రోజుకు ఎన్ని కట్టలు తీసుకున్నారు?

జెర్బెరా మొక్కకు ఆషాఢం తెలియదు, మూఢం తెలియదు, ధనుర్మాసం అంతకన్నా తెలియదు. ముహూర్తాలు ఉన్నా లేకపోయినా అది పూస్తూనే ఉంటుంది, రైతు కోస్తూనే ఉండాలి, కోయకపోతే తరువాతి పూత తగ్గుతుంది. పెళ్ళిళ్ళు లేని నెలల్లో మీరు నాలుగో వంతే తీసుకుని, మిగిలినవి అతను పెంటకుప్పలో పోస్తుంటే, ఒకే ధర అన్న మాట ధరకే మిగిలింది, సంఖ్యకు లేకపోయింది. ధర పెరిగిన నాడు లాభం మీకు, కొనుగోలు తగ్గిన నాడు నష్టం అతనికి అయితే, ఆ మాట మీద ఎవరూ ఎక్కువ రోజులు నిలబడరు. అబద్ధం చెప్పడం తప్పే, దానిని నేను సమర్థించడం లేదు. మీరు ఆషాఢంలో కూడా నికరంగా తీసుకున్నవారైతే మాత్రం ఈ పేరా అంతా మీకు వర్తించదు, ఆ ఇద్దరూ మీకు క్షమాపణ బాకీ పడ్డారు.

నేను చూసినంతలో నిలిచిన ఏర్పాటు ఒకటుంది. రోజుకు 60 కట్టలు పండే రైతుతో 35 కట్టలకు స్థిరమైన ధర మాట్లాడుకోవాలి. ఆ 35 కట్టలూ ఆషాఢమైనా మాఘమైనా మీరు తీసుకోవాలి, గుడిమల్కాపూర్‌లో ధర మూడింతలైనా అతను ఇవ్వాలి. మిగిలిన 25 కట్టలు ఆనాటి మార్కెట్ ధరకు, ముందు అడిగే హక్కు మీకు. అతనికి హైదరాబాదు ఆశ తీరుతుంది, మీకు మండపం ఖాళీగా ఉండదు.

రెండోది, ఉగాదికి కొత్త పంచాంగం రాగానే రైతుతో కూర్చుని ముహూర్తాలు గుర్తు పెట్టండి. గులాబీ కొమ్మ కత్తిరించిన నాటి నుంచి పువ్వు చేతికి రావడానికి ఆరేడు వారాలు పడుతుంది. ఫిబ్రవరి 14కు ఎన్ని ఎర్ర గులాబీలు కావాలో డిసెంబరు మూడో వారంలో చెబితే రైతు దానికి తగ్గట్టు కత్తిరిస్తాడు, ఫిబ్రవరి పదిన చెబితే అతను చేయగలిగింది లేదు, ఉన్న పూలను ఎక్కువ ఇచ్చినవాడికి ఇవ్వడం తప్ప. చామంతి రైతులు రాత్రిళ్ళు పొలంలో బల్బులు వెలిగించి పూతను పండుగ దాకా వెనక్కి నెట్టడం మీరు చూసే ఉంటారు. రాత్రి పొడవు తగ్గితే చామంతి మొగ్గ వేయదు. కరెంటు ఖర్చు పెట్టుకుని అంత చేసేది పండుగ తేదీ ముందే తెలుసు కనుక. మీ ముహూర్తాలు కూడా రైతుకు ముందే తెలియాలి.

ఇంకొక చిన్న సంగతి. గులాబీల ధర కాడ పొడవును బట్టి మారుతుంది కదా. మీ ఉత్తరంలో ఒకే ధర అని మాత్రమే ఉంది. 40 సెంటీమీటర్ల కాడకూ 60 సెంటీమీటర్ల కాడకూ ఒకే ధర ఇస్తున్నట్టయితే, పొడవైన కాడలు హైదరాబాదుకు, పొట్టి కాడలు మీకు వస్తాయి. అందులో ఆశ్చర్యం ఏముంది?

ప్రశ్న: మాది మైదుకూరు వైపు. నా భర్త కువైట్‌లో ఉంటారు. ముప్పై సెంట్లలో నేలసంపెంగ నేనే సాగు చేసి, కాడలతో కట్టలు కట్టి కడపలో ఒక అంగడికి వేస్తున్నాను. అంగడి ఆయన నాతో వదినా వదినా అంటూనే ధర మాత్రం కువైట్‌కు వాట్సాప్ కాల్ చేసి మా ఆయనతో మాట్లాడతాడు. ఆయనకు ఇక్కడి ధరలు తెలియవు, సరేననేస్తాడు. డబ్బు కూడా ఆయన ఖాతాకే వేస్తాడు. ఏం చేయమంటారు?

జవాబు: అంగడి ఆయనతో పోట్లాడే ముందు మీ భర్తతో మాట్లాడండి. వచ్చే కాల్‌కు ఆయన ఒకే ఒక్క మాట చెప్పాలి: 'పూలు ఆమెవి, ధర ఆమెను అడుగు.' ఇది మీరు వందసార్లు చెప్పినా పని చేయదు, ఆయన ఒక్కసారి చెబితే పని చేస్తుంది. అలా ఉండకూడదు, కానీ ప్రస్తుతానికి అలాగే ఉంది. తరువాత మీ పేరున ఉన్న బ్యాంకు ఖాతా నంబరును అంగడి ఆయనకు కాగితం మీద రాసి ఇచ్చి, పట్టీ కూడా మీ పేరునే రాయమనండి. రేపు బ్యాంకులో పంట రుణం అడిగినా, రైతు ఉత్పత్తిదారుల సంఘంలో చేరినా ఆ పట్టీలే మీకు సాక్ష్యం.

డబుల్ రకం (పువ్వుకు ఎక్కువ వరుసల రేకులు ఉండేది) కాడలను సింగిల్ రకం (ఒకే వరుస రేకులు ఉండేది) ధరకు ఇస్తున్నారేమో కూడా చూసుకోండి. విడిపూలకు, దండలకు సింగిల్ రకాలు పనికివస్తాయి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ప్రజ్వల్ అలాంటిది. అదే సంస్థ ఇచ్చిన సువాసిని వంటి డబుల్ రకం కాడతో కోసి కూజాల్లో, మండపాల్లో పెట్టడానికి పనికివస్తుంది. మీరు రాసిన వర్ణనను బట్టి మీది డబుల్ రకమే అనిపిస్తోంది. కడపలో ఒంటిమిట్ట కల్యాణం రోజుల్లో, పెళ్ళిళ్ళ సీజన్‌లో అలంకరణ చేసే ఇద్దరు ముగ్గురిని ధర అడిగి చూసి, ఆ తరువాతే అంగడి ఆయనతో మాట్లాడండి. అతను వదినా అంటే మీరు మరిదీ అనే అనండి, బంధుత్వం రెండు వైపులా ఉండాలి కదా.

ప్రశ్న: బెంగళూరు హెబ్బాళ్‌లో పూల వేలం జరుగుతుందట. దళారుల బెడద లేకుండా అక్కడ నేరుగా అమ్ముకోవచ్చా?

జవాబు: అమ్ముకోవచ్చు, ముందుగా రైతుగా నమోదు కావాలి. అక్కడ నడిచేది డచ్చి పద్ధతి వేలం. మన ఊరి వేలంపాటలో ధర కింది నుంచి పైకి పోతుంది, అక్కడ పై నుంచి కిందికి దిగుతుంది, ముందుగా మీట నొక్కినవాడికి సరుకు దక్కుతుంది. ఎక్కువ ఆలోచిస్తే పక్కవాడు ఎగరేసుకుపోతాడు కనుక మంచి పూలకు కొనేవాడు బేరం ఆడలేడు, రైతుకు కలిసివచ్చేది అదే. కానీ అక్కడికి పూలు పొడవును బట్టి, విచ్చుకున్న స్థాయిని బట్టి ఖచ్చితంగా వేరు చేసి రావాలి, కొద్దిపాటి కట్టలకు రవాణా ఖర్చు గిట్టుబాటు కాదు. హిందూపురం నుంచి దూరం రమారమి వంద కిలోమీటర్లే కాబట్టి నలుగురు రైతులు ఒక వ్యాను మాట్లాడుకుంటే కుదురుతుంది. కంపెనీల చట్టం ప్రకారం పదిమంది రైతులు కలిస్తే ఉత్పత్తిదారుల కంపెనీ కూడా పెట్టుకోవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి. వేలంలో కొనేవాడికి మీ ముఖం తెలియదు. ఆషాఢంలో మిమ్మల్ని తలచుకుని పది కట్టలు ఎక్కువ తీసుకునేవాడు అక్కడ ఉండడు. సగం వేలానికి, సగం తెలిసినవారికి వేసే రైతులే నిద్రపోగలుగుతున్నారు.

ప్రశ్న: నంద్యాల వైపు రైతును. ఒక అలంకరణ వ్యాపారి 64,000 రూపాయల గులాబీల బాకీకి చెక్కు ఇచ్చాడు. బ్యాంకులో వేస్తే ఖాతాలో డబ్బు లేదని 18 రోజుల క్రితం తిరిగి వచ్చింది. ఫోన్ చేస్తే వచ్చే వారం అంటున్నాడు. కొత్త వ్యవసాయ చట్టం కింద సబ్‌కలెక్టరు దగ్గరకు వెళితే మూడు రోజుల్లో ఇప్పిస్తారని మా బంధువు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాదు. మీ బంధువు చెప్పినది 2020లో వచ్చిన చట్టం. పంట కొన్నవారు గరిష్ఠంగా మూడు పనిదినాల్లో డబ్బు చెల్లించాలని, తగాదా వస్తే సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళవచ్చని అందులో ఉండేది. ఆ చట్టాన్ని 2021లో పార్లమెంటు రద్దు చేసింది.

మీకు ఉన్న దారి చెక్కుల చట్టంలోని 138వ సెక్షన్. చెక్కు తిరిగి వచ్చిందని బ్యాంకు తెలిపిన నాటి నుంచి 30 రోజుల లోపు ఆ వ్యాపారికి రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందిన తరువాత 15 రోజుల్లో అతను డబ్బు కట్టకపోతే, ఆపై ఒక నెల లోపు మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోని మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయాలి. 30 రోజుల గడువు చేజారితే, చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలలు దాటకుండా ఉన్నప్పుడు దానిని మళ్ళీ బ్యాంకులో వేసి, మళ్ళీ తిరిగి వస్తే కొత్తగా నోటీసు ఇవ్వవచ్చు. లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేస్తారు, అక్కడ కుదిరిన రాజీ కోర్టు తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

చెక్కు లేని పాత బాకీలు కూడా ఉన్నాయని రాశారు. పూలు అప్పగించిన నాటి నుంచి మూడేళ్ళు దాటితే సాధారణంగా దావాకు కాలం చెల్లుతుంది. ఆ లోపే అతని చేత మీ లెక్క పుస్తకంలో, ఇంత బాకీ ఉన్నానని రాయించి సంతకం తేదీతో సహా తీసుకుంటే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తాయి. ఇస్తానని నోటితో చెప్పిన మాటకు ఈ బలం లేదు.

నోటీసు ఇస్తే సంబంధం తెగిపోతుందని మీరు సందేహించారు. ఇచ్చే ముందు రోజు ఫోన్ చేసి, గడువు ఉంది కనుక పంపుతున్నాను, డబ్బు కడితే అంతటితో ఆగిపోతుంది అని చెప్పండి. డబ్బు ఇవ్వాలనే ఉద్దేశం ఉన్నవాడైతే దానికి నొచ్చుకోడు. మీరు ఉత్తరం రాసిన నాటికి 18 రోజులు గడిచాయి, పన్నెండు రోజులే మిగిలాయి. పత్రిక మీ చేతికి వచ్చేదాకా ఆగితే ఆ గడువు దాటిపోతుందని, ఈ జవాబు ప్రతిని స్పీడ్ పోస్టులో ముందే మీకు పంపించాము.